సుబ్బిశెట్టి అని పిలిచింది నేనే

నిన్న గుంటూరు బ్రాడీపేటలో నా చిన్ననాటి ఫ్రెండుతో టీ తాగుతూ మళ్లీ అదే గొడవ. అందులోని సుబ్బిశెట్టి అనే వ్యాపారి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అడిగితే 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది కదా, దాని మీద.

నేను ఎప్పట్లాగే మొదలెట్టా. ఆర్టికల్ 19, వాక్ స్వాతంత్ర్యం, ఆన్‌లైన్‌లో పెట్టే మాటలకి కేసులు పెట్టే ఐటీ చట్టం సెక్షన్ 66ఎని 2015లో సుప్రీంకోర్టు కొట్టేయడం, అన్నీ వరసబెట్టి. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనం మీద రాసిన నాటకంరా అది, బూతులు తర్వాత స్టేజీ మీద కలిపినోళ్లవి, నచ్చనోళ్లు లేచెళ్లిపోవచ్చుగా అన్నా.

మావాడు గ్లాసు కింద పెట్టాడు. వాళ్ల నాన్నది పట్నంబజారులో కిరాణా కొట్టు.

"ఏడో క్లాసులో నన్ను సుబ్బిశెట్టీ అని పిలిచిందెవర్రా?"

నవ్వుతూనే అడిగాడు. నాకు నోట మాట రాలా. పిలిచింది నేనే. పెన్సిల్ అప్పివ్వలేదని, అంతకు మించి ఏం లేదు. క్లాసంతా పట్టుకుంది, టెన్త్ అయ్యేదాకా వదల్లా. నాటకమైతే లేచెళ్లొచ్చు, వాడు ఆ బెంచీ మీంచి ఎక్కడికెళ్తాడు?

నిషేధం తప్పేనని ఇప్పటికీ అంటా. కాకపోతే నిన్న మాత్రం ఆ మాట గట్టిగా అనలేకపోయా.

టీ డబ్బులు తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉంచుకో లాయరూ, నేనిస్తాలే."