తిరుపతి నుంచి చిన్న వ్యాన్‌లో ఒంటరి దేశయాత్ర: బండి, కాగితాలు, కరెంటు లెక్క

క్యాంపర్ వ్యాన్ అనగానే అందరూ సింకు, షవరు, చెక్క అల్మారాల గురించే అడుగుతారు. ఒక్కరే తిరిగేటప్పుడు అవి బరువు తప్ప మరేం కాదు. నేను వాడుతున్నది అయిదు సీట్ల పెట్రోలు మారుతి ఈకో. పొడవు 3.7 మీటర్ల లోపే కాబట్టి ఏ సందులోనైనా తిరుగుతుంది, రెండు పక్కలా జరిపే తలుపులున్నాయి, మండలానికొక మెకానిక్కయినా దాన్ని విప్పగలడు. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. ఇంజను పని ఏది చేయించాలన్నా సీటు ఎత్తాలి. అందుకే వెనకాల ఏ పెట్టె కట్టినా సీటు లేవడానికి చోటు వదలాలి.

బండి లోపల నేను పాటించే నియమం ఒక్కటే: ఏదీ బాడీకి రంధ్రం వేసి బిగించకూడదు. మంచం, బ్యాటరీ పెట్టె, నీళ్ళ క్యాన్, తెరలు అన్నీ అరగంటలో బయటికి వచ్చేయాలి. దీనికి మొదటి కారణం చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకూ తయారీదారు ఇచ్చిన రూపానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, మార్పు చేసిన యజమానికి మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు. సీట్లు పీకేసి, టాపు కోసి కిటికీ పెట్టిస్తే పోలీసులకన్నా ముందు ఇన్సూరెన్సు వాళ్ళే పట్టుకుంటారు. యాక్సిడెంటు అయ్యాక సర్వేయరు వచ్చి ఫొటోలు తీశాడంటే క్లెయిము పోయినట్టే.

శాశ్వతంగానే కట్టించుకోవాలంటే దారి లేకపోలేదు. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ధ్రువీకరణ ఉన్న బండిని కొని, సొంత వాడకానికి నాన్ ట్రాన్స్‌పోర్ట్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఉన్న బండినే మార్చాలనుకుంటే ముందు ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి. లోను ఉంటే ఫైనాన్సు వాళ్ళ రాతపూర్వక ఒప్పుకోలు కావాలి. పని అయ్యాక 14 రోజుల్లో ఆర్టీఓకు తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఒక్క మనిషి పడుకోవడానికి ఇంత తిప్పలు అనవసరమని నా ఉద్దేశం.

మంచానికి 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ చాలు. ఎనిమిదడుగుల బై నాలుగడుగుల షీటు 12 అయితే 23 కిలోల చుట్టూ తూగుతుంది, 18 అయితే 35 కిలోలు. చెప్పకపోతే కార్పెంటరు పద్దెనిమిదే వేస్తాడు, ఇంటి మంచం అలవాటు కదా! కింద 25 మిల్లీమీటర్ల చదరపు అల్యూమినియం పైపులతో ఫ్రేము, దాని మీద పలకను మూడు ముక్కలుగా కోసి పరిస్తే ఏ ముక్క కిందున్న సామానుకైనా దాన్నొక్కదాన్నే లేపొచ్చు. పరుపు కూడా మూడు మడతల ఫోమ్ మేలు. ఫ్రేమును సీటు బెల్టు కొక్కేలకు రాట్చెట్ పట్టీలతో లాగి కట్టాలి. కట్టకపోతే సడన్ బ్రేకు వేసినప్పుడు మంచం మొత్తం వచ్చి వీపుకు తగులుతుంది. ఇంకోమాట, మన శేషాచలం చుట్టుపక్కల చెక్‌పోస్టుల్లో ఎర్రచందనం కోసం బండ్లు సోదా చేస్తారు. మూత పెట్టి మేకులు కొట్టిన చెక్కపెట్టె కనిపిస్తే విప్పమంటారు. విప్పి చూపగలిగేలా ఉంటే రెండు నిమిషాల్లో వదిలేస్తారు.

ఇక కరెంటు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ముందు రోజువారీ వాడకం లెక్క వేయాలి, బ్యాటరీ సంగతి ఆ తర్వాత. 12 వోల్టుల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు) ఫ్యాను 25 వాట్లది తొమ్మిది గంటలు తిరిగితే 225 వాట్ అవర్లు. లైట్లు, ఫోను, కెమెరా కలిపి 125. మొత్తం 350. దీనికి చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ చేరిస్తే, 45 వాట్లది మన ఎండల్లో సగం సేపు ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఇంకో 540. అంటే ఫ్రిజ్ ఒక్కటే మిగతా అన్నిటికన్నా ఎక్కువ తింటుంది. ఇన్సులిన్ లాంటి మందులుంటే తప్ప ఒంటరి మనిషికి ఫ్రిజ్ దండగ. పాలు, కూరగాయలు ఏ ఊళ్ళో ఆ ఊళ్ళో దొరుకుతాయి.

100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 12.8 వోల్టుల లెక్కన 1,280 వాట్ అవర్లుంటాయి. 85 శాతం వాడుకున్నా 1,090 వస్తుంది. ఫ్రిజ్ లేకపోతే మూడు రోజులు కదలకుండా ఉండొచ్చు, ఉంటే ఒక్క రోజు. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీ చవకే గానీ సగానికి మించి దింపితే త్వరగా పోతుంది, యాభై కిలోల పైన బరువు, పైగా చార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది. పడుకునే చోట దాన్ని పెట్టకూడదు.

చార్జింగుకు నేను నమ్ముకున్నది టాపు మీద సోలారును కాదు, ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటరును. బండి సొంత బ్యాటరీకీ వెనకాల మనం పెట్టుకున్న లిథియం బ్యాటరీకీ మధ్యలో 20 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జరు (ఒక బ్యాటరీ నుంచి ఇంకోదాన్ని చార్జి చేసేది) పెడితే గంటకు 250 వాట్ అవర్లు ఎక్కుతాయి. మధ్యాహ్నం దాకా బండి నడిపితే రెండు రోజుల వాడకం వచ్చేస్తుంది. చిన్న ఆల్టర్నేటరు మీద 40 ఆంపియర్లది పెడితే హెడ్‌లైట్లు, ఏసీ కలిపి దాని ప్రాణం తీస్తాయి. ఆగి ఉన్న రోజులకు మడిచే 100 వాట్ల సోలార్ ప్యానెలు బయట ఎండలో పరిస్తే రోజుకు 350 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. బండిని చెట్టు నీడన, ప్యానెలును ఎండన పెట్టుకోవచ్చు. టాపుకు బిగించిన ప్యానెలుతో ఆ వీలు లేదు.

వైరు దగ్గర కక్కుర్తి పడొద్దు. ముందున్న బండి బ్యాటరీ నుంచి వెనకాల బ్యాటరీ దాకా నాలుగు మీటర్లు, రానూపోనూ ఎనిమిది. చార్జరు లాగేది 24 ఆంపియర్ల చుట్టూ. ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే దారిలోనే 1.3 వోల్టులు పోతాయి. చార్జరుకు 12.5 మాత్రమే అంది, ఇంజను ఆగిందనుకుని కట్ అవుతుంది, మళ్ళీ మొదలవుతుంది. చాలామంది చార్జరు చెడిపోయిందని మార్చేస్తారు. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే నష్టం 0.35 వోల్టుల లోపే. సన్న పోగుల ఫ్లెక్సిబుల్ వైరే కావాలి, ఒంటి తీగ అయితే కుదుపులకు లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) దగ్గర తెగుతుంది. రెండు బ్యాటరీల పక్కనా జానెడు దూరంలోపు 40 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఒక చివరే పెడితే రెండో బ్యాటరీ వైపు షార్టు అయినప్పుడు వైరే ఫ్యూజులా కాలిపోతుంది.

ఇండక్షన్ స్టవ్వు ఆశ వదులుకోండి. 1,200 వాట్లకు ఇన్వర్టరు నష్టంతో కలిపి వంద ఆంపియర్లు దాటుతుంది. అక్కడ బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ కట్ చేసి, ఫ్యానుతో సహా అన్నీ ఆపేస్తుంది. వంటకు అయిదు కిలోల సిలిండరు మేలు. ఇండేన్ ఛోటు గుర్తింపు కార్డు చూపిస్తే పెట్రోలు బంకుల్లోనే ఇస్తారు. గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి లీకయితే నేల మీదే పేరుకుంటుంది. స్టవ్వు ఎప్పుడూ బయట, తలుపు పక్కన. వంటయ్యాక రెగ్యులేటరు తీసేయాలి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రాగి సంగటికి బియ్యం ఉడకాలన్నా అక్కడ చిన్న ప్రెషర్ కుక్కరే గతి. చలికి సిలిండరు ఒత్తిడి కూడా పడిపోతుంది. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కన్నా తక్కువలో చార్జి చేస్తే లోపల లోహం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. కొనేటప్పుడే చలిలో చార్జింగ్ ఆపే రక్షణ ఉందా అని అడగండి.

వేడికి విరుగుడు ఏసీ కాదు, ఎత్తు. కిలోమీటరు పైకెక్కితే ఆరు డిగ్రీల పైగా తగ్గుతుంది. టాపు లోపల 10 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు, అద్దాలకు వెండి రంగు బబుల్ షీటు కోసి ఇరికిస్తే పగటి వేడి కొంత ఆగుతుంది. నల్ల ఫిల్మ్‌ను 2012లోనే సుప్రీంకోర్టు నిషేధించింది కాబట్టి అద్దాలకు తీసేసే తెరలే వాడాలి, బండి కదిలే ముందు తీయాలి. తలుపులకు అయస్కాంతాల దోమతెర, ఎదురెదురు అద్దాలు రెండు వేళ్ళ సందు తెరిచి ఫ్యాను.

ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టి మాత్రం నిద్రపోవద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటరు నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని పరీక్షల్లో తేలింది. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం తలగడ ఎత్తులో పెట్టుకోండి. బొగ్గుల కుంపటీ అంతే ప్రమాదం.

నీళ్ళకు మామూలు 20 లీటర్ల వాటర్ క్యాన్, దాని మీద చార్జింగ్ పంపు. తాగడానికి, వండడానికి, గిన్నెలకు కలిపి రెండు రోజులొస్తుంది. ఉచితంగా గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఇవ్వడం పెట్రోలు బంకుల బాధ్యత. స్నానానికి సులభ్ కాంప్లెక్సులు, ధాబాలు చాలు.

పడుకునే చోటు చీకటి పడకముందే చూసుకోవాలి. బంకులో పెట్రోలు పోయించుకుని, "అన్నా, రాత్రికి ఈడ బండి పెట్టుకోని పడుకోవచ్చునా?" అని అడిగితే చాలాచోట్ల సరేనంటారు. లారీలు ఆగే ధాబాలు, ఉత్తరాదిన గురుద్వారాలు మంచివి. ఊరి చివర ఏకాంతంగా, అందంగా ఉన్న చోటు వద్దు. బండి ముందు భాగం రోడ్డు వైపు, డ్రైవరు సీటు ఖాళీగా, తాళం చేతికందేలా ఉండాలి. జాతీయ రహదారిపై సాయానికి 1033, అత్యవసరానికి 112.

టోల్‌కు ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైంది, ఏడాది లేదా 200 ట్రిప్పులు. సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకే పనిచేస్తుంది. హైదరాబాద్ ఔటర్ లాంటి చోట మామూలు బ్యాలెన్సు కట్ అవుతుంది.

దారిని రుతువును బట్టి వేసుకోవాలి. మనకు వానలు డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో బయల్దేరడం తేలిక. శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి 16వ నంబరు రహదారి పట్టుకుని ఒడిశా, బెంగాల్. మార్చిలో ఈశాన్యం. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు ఇన్నర్ లైన్ పర్మిట్ (ఆ రాష్ట్రాల్లోకి వెళ్ళడానికి అనుమతి పత్రం) తీసుకోవాలి. ఏప్రిల్, మే కొండల్లో, జూన్ నుంచి సెప్టెంబరు లదాఖ్ వైపు, అక్టోబరు, నవంబరు రాజస్థాన్, గుజరాత్, డిసెంబరులో పడమటి తీరం, కేరళ. ఒకే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, ఈ చుట్టులో ఆ ఇబ్బంది రాదు. తిరుగు దారిలో నీలగిరికి ఈ-పాస్ కావాలి, బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. కోలారు దాటి చిత్తూరు వైపు వచ్చేటప్పుడు పలమనేరు చుట్టుపక్కల ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. ఆ ముక్క పగలే దాటాలి, అడవి అంచున బండి ఆపి పడుకోకూడదు.