పాత పాటల డేటాబేసుకు వీడియో జోడించిన తీరు

పాత తెలుగు సినిమా పాటల వివరాలను సేకరించి పెడుతున్న నా సైటులో, ఇప్పుడు పాట పేజీలోనే వీడియో చూసే వీలు కల్పించాను. ఇంతకుముందు ఒక్కో పాటకు సినిమా పేరు, విడుదలైన సంవత్సరం, రచయిత, సంగీత దర్శకుడు, గాయనీగాయకులు, పల్లవి మొదటి పాదం, చరణాల సంఖ్య మాత్రమే ఉండేవి. పాట చూడాలనుకున్నవారు యూట్యూబులో వెతుక్కొని చూడగలరు కాబట్టి, కేవలం వినోదం కోసమైతే ఈ పనికి పూనుకోవలసిన అవసరం లేదు. పేజీలో రాసిన వివరాలను పాఠకులు తమ కళ్లతో, చెవులతో సరిచూసుకోవాలన్నదే నా ఉద్దేశం. ఆ ఉద్దేశంతో మొదలుపెడితే పేజీలో ప్లేయర్‌ను అమర్చడం సులువైన పని. ఏ వీడియోలో ఏ సెకను నుంచి ఏ సెకను దాకా ఏముందో పట్టికకు ఎక్కించడంలోనే శ్రమంతా ఉంది.

సరిచూసుకోవలసిన అవసరం ఎందుకు వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డులో ఒక వైపున ఇంచుమించు 3 నిమిషాల పాటే పట్టేది. సినిమాలో పాట అంతకన్నా పొడవైతే దాన్ని రెండు వైపులకూ పంచడమో, ఒక చరణాన్ని వదిలేయడమో జరిగేది. సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లోని పాఠం కూడా తెర మీది పాటతో అన్నిసార్లూ అక్షరం పొల్లుపోకుండా సరిపోదు. దాంతో ఒకే పాటకు పుస్తకంలో ఒక రూపం, రికార్డులో ఒక రూపం, సినిమాలో మరో రూపం మిగిలాయి. చరణాలు మూడని ఒకరు, రెండేనని మరొకరు వాదించుకున్నప్పుడు చాలాసార్లు ఇద్దరిదీ నిజమే అవుతుంది. పేజీలో సినిమా వీడియో ఉండి, ప్రతి చరణం ఏ సెకనులో మొదలవుతుందో పక్కనే రాసి ఉంటే, కనీసం సినిమా రూపం విషయంలో సందేహం మిగలదు.

అయితే పాట ఎక్కడ మొదలైనట్టు? ఇది చూడడానికి చిన్న ప్రశ్నలా ఉన్నా, నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే. సాకితో మొదలయ్యే పాటల్లో పల్లవికి ముందు తాళం లేని ఆలాపన, దానికీ ముందు వాద్య సంగీతం, కొన్నిచోట్ల ఆ సంగీతం మీదనే ఇంకా నడుస్తున్న సంభాషణ ఉంటాయి. పల్లవి దగ్గర మొదలుపెడితే సాకి పోతుంది, సంగీతం దగ్గర మొదలుపెడితే సంభాషణ కలుస్తుంది. చివరికి సంగీతం మొదలు, సాకి మొదలు, పల్లవి మొదలు అని మూడు సమయాలను విడివిడిగా నమోదు చేసి, ప్లేయర్‌ను మాత్రం సంగీతం మొదలయ్యే చోటి నుంచి నడిపిస్తున్నాను. పద్యాలతో ఇబ్బంది మరీ ఎక్కువ. 1963లో వచ్చిన లవకుశలో పాటలూ పద్యాలూ కలిపి 30 దాటతాయి. పద్యమంటే నిమిషంలోపే ముగిసిపోవచ్చు. యూట్యూబ్ ప్లేయర్‌కు లింకులో మనం ఇచ్చే ప్రారంభ సమయం పూర్ణ సెకన్లలోనే ఉండాలి. పైగా అది సరిగ్గా ఆ సెకనుకు కాకుండా దగ్గరలో బొమ్మ పూర్తిగా నిల్వ ఉన్న కీఫ్రేమ్‌కు వెళుతుంది, అంటే ఒకటి రెండు సెకన్లు ముందే మొదలుకావచ్చు. నాలుగు నిమిషాల పాటలో ఆ తేడా ఎవరికీ పట్టదు కానీ, పద్యం దగ్గర మాత్రం అంతకుముందరి పాత్ర చెప్పిన ఆఖరి మాట వినిపిస్తుంది. చివర్లోనూ అలా పరాయి మాట కలవకూడదని పద్యాలకు ముగింపు సమయాన్ని కూడా తప్పనిసరి చేశాను.

ఈ కారణాల వల్లనే వీడియో లింకును పాటల పట్టికలో ఇంకొక కాలమ్‌గా చేర్చకుండా వేరే పట్టికలో పెట్టాను. ఒక పాటకు పలు వీడియోలు ఉండవచ్చు, పూర్తి సినిమా ఉన్న ఒకే వీడియోలో పాటలన్నీ ఉండవచ్చు. ఆ పట్టికలో పాట సంఖ్య, వీడియో గుర్తింపు, ప్రారంభం, ముగింపు, అది సినిమా ప్రతా లేక రికార్డు ధ్వనికి బొమ్మలు అతికించినదా, చివరిసారి ఎప్పుడు సరిచూశాను అన్న వివరాలు ఉంటాయి. మాయాబజార్ సంగతే తీసుకుంటే, 1957 నాటి నలుపు తెలుపు ప్రతికీ, 2010లో రంగులద్ది, నిడివి తగ్గించి విడుదల చేసిన ప్రతికీ సమయాలు కలవవు. ఏ ప్రతి అన్నది రాయకపోతే ఆ సెకన్ల అంకెలకు అర్థమే ఉండదు.

యూట్యూబు వీడియోలు ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం. వీడియోల వివరాలను ప్రోగ్రాములకు అందించే అక్కడి డేటా ఏపీఐని ఒక్కసారి అడిగితే 50 వీడియోల స్థితి తెలుస్తుంది, రోజువారీ కోటాలో ఒక్క యూనిట్ మాత్రమే ఖర్చవుతుంది. కాబట్టి పట్టికనంతా రాత్రిపూట ఒక చిన్న ప్రోగ్రాముతో సరిచూస్తున్నాను. ఇతర సైట్లలో ఆడించడానికి అనుమతి ఉందా, ఏయే దేశాల్లో ఆపేశారు అన్నవి కూడా ఆ జవాబులోనే వస్తాయి. హైదరాబాదులో చక్కగా ఆడే వీడియో డాలస్‌లో ఉన్న తెలుగువారికి నల్లటి తెరగా కనిపించడానికి ఈ దేశాల నియంత్రణే చాలాసార్లు కారణం. అందుకే ప్రతి పాటకూ వీలైతే రెండో వీడియోను సిద్ధంగా ఉంచుతున్నాను. ప్లేయర్ 100 అనే లోపం సంఖ్య చూపితే వీడియో లేనట్టు, 101 లేదా 150 చూపితే బయట ఆడించడానికి యజమాని ఒప్పుకోనట్టు. ఏది వచ్చినా పేజీ రెండోదానికి మారుతుంది. ముందుగా ఒక బొమ్మను మాత్రమే చూపి, నొక్కిన తర్వాతే ప్లేయర్‌ను తెప్పిస్తున్నాను కనుక, పాట వివరాల కోసమే వచ్చినవారి ఫోన్లకు భారం పడదు.

సినిమాలను నా సర్వర్‌లోనే ఎందుకు పెట్టకూడదన్న ప్రశ్నకు చట్టంలోనే జవాబుంది. మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు, విడుదలైన సంవత్సరం ముగిసినప్పటి నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. ఆ లెక్కన 1957 నాటి సినిమా గడువు 2017తో తీరింది. కానీ సినిమా హక్కు వేరు, అందులోని సాహిత్య సంగీతాల హక్కు వేరు. వాటి గడువు కర్త మరణించిన సంవత్సరం నుంచి లెక్కకు వస్తుంది. మాయాబజార్ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో, సంగీత దర్శకుడు ఘంటసాల 1974లో కన్నుమూశారు కాబట్టి వారి రచనకూ సంగీతానికీ 2031 చివరి దాకా, 2034 చివరి దాకా రక్షణ ఉంటుంది. పల్లవి మొదటి పాదానికి మించి సాహిత్యాన్ని సైటులో ఇవ్వకపోవడానికి కూడా కారణం ఇదే.

నా సర్వర్‌లో పెట్టినవి నేను స్వయంగా చిత్రీకరించిన, రికార్డు సేకర్తలతో జరిపిన సంభాషణలు మాత్రమే. చిన్నవాటిని ఎంపీ4 ఫైళ్లుగానే ఉంచాను. ఆ ఫైళ్లను తయారుచేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాము మామూలుగా ఫైలు సూచికను చివర రాస్తుంది. విషయసూచిక ఆఖరి పేజీలో ఉన్న పుస్తకంలా, బ్రౌజర్ దానికోసం చివరిదాకా వెతుక్కోవాలి. ఫాస్ట్‌స్టార్ట్ అన్న ఒక్క సూచన ఇస్తే అది ముందుకు వస్తుంది. పెద్దవాటిని, వీడియోను ముక్కలుగా పంపే హెచ్ఎల్ఎస్ పద్ధతిలో ఆరేసి సెకన్ల ముక్కలుగా, 240, 480, 720 గీతల నాణ్యతల్లో చేశాను. సఫారీ వాటిని తానే ఆడిస్తుంది, ఆ సదుపాయం లేని బ్రౌజర్లకు హెచ్ఎల్ఎస్.జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ సాయపడుతుంది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున 20 నిమిషాల సంభాషణ 150 మెగాబైట్లు అవుతుంది. వందమంది పూర్తిగా చూస్తే 15 గిగాబైట్లు. సొంత ఖర్చుతో నడిచే సైటు ఆ లెక్క చూసుకోక తప్పదు.

ఒకే పాటకు అనేక వీడియోలు దొరికినప్పుడు నేను మొదట చూసేది బొమ్మ ఆకారం. ఆ కాలపు చిత్రాలు దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉంటాయి. వాటిని నేటి వెడల్పు తెరకు సాగదీసినప్పుడు సావిత్రి ముఖం సావిత్రిలా ఉండదు, పైనా కిందా కత్తిరించినప్పుడు నాట్యంలో పాదాలే కనిపించవు. పాటలోని అభినయం కూడా చరిత్రలో భాగమే కాబట్టి, స్పష్టత కొంత తగ్గినా అసలు ఆకారంలో ఉన్న ప్రతికే మొదటి స్థానం ఇస్తున్నాను.

వీడియోతో తేలని సంగతులూ ఉన్నాయి. మాయాబజార్ సంగీతం ఘంటసాలది, అయినా కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవని సినీ చరిత్రకారులు చెబుతారు. పాటను ఎన్నిసార్లు చూసినా అది తెలియదు. అందుకని అటువంటి పాటల పేజీల్లో పాట వీడియోతోపాటు టైటిల్స్ వచ్చే సమయాన్నీ ఇచ్చి, తెర మీద పడిన పేరును ఒక గడిలో, చరిత్రకారుల మాటను ఇంకొక గడిలో, ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఉంచాను.