పెదవి మొద్దుబారినా పన్నుకు తెలుస్తూనే ఉంది: నా రూట్ కెనాల్ అనుభవం

రూట్ కెనాల్ (పన్ను లోపల పాడైన నరం తీసేసి, వేళ్లలోని సన్నటి కాలువలను శుభ్రం చేసి నింపే చికిత్స) చేయించుకున్నానని చెప్పగానే అందరూ అడిగేది ఒక్కటే: "బాగా నొప్పి పుట్టిందా?" అని. నన్నడిగితే, దానికి ముందు పడిందే అసలు నొప్పి. కింది వరసలో కుడివైపు దవడ పన్ను. పగలు ఎలాగో గడిచిపోయేది. రాత్రి తల దిండుకు ఆనగానే సలుపు మొదలయ్యేది. చెవిలోకి, కణతలోకి లాగేది. ఒక్కోసారి పై పన్నా, కింది పన్నా అన్నది కూడా తేల్చుకోలేకపోయేదాన్ని. వేడి కాఫీ తగిలితే ప్రాణం పోయేది. ఫ్రిజ్ నీళ్లు పుక్కిట పట్టినంతసేపే హాయి, నోట్లో అవి వేడెక్కగానే మళ్లీ మొదలు.

మొదట వెళ్లిన చోట యాంటీబయాటిక్ రాసి, కోర్సు అయ్యాక రమ్మన్నారు. వాడాను, నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ చెప్పారు. పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగాన్ని పల్ప్ అంటారు. పిప్పి లోపలిదాకా వెళ్లి ఆ పల్ప్ వాచింది. బయట గట్టి పన్ను గోడ ఉంది కాబట్టి వాపు సాగడానికి చోటు లేదు, ఒత్తిడంతా లోపలే. పడుకుంటే అది ఇంకా పెరుగుతుంది. ముఖం వాపు, జ్వరం లాంటివి లేకుండా ఉత్త పల్ప్ వాపు నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదట. వెంటనే చికిత్స చేసే వీలున్నప్పుడు ఇలాంటి నొప్పికి పెద్దవాళ్లకు యాంటీబయాటిక్ ఇవ్వొద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా 2019లో చెప్పింది. ఈ మాట మన ఊళ్లలో అందరికీ చేరాలి. పంటి నొప్పి అనగానే మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకునేవాళ్లు మా వీధిలోనే ఎంతోమంది.

చికిత్స రోజు డాక్టరమ్మ పని మొదలుపెట్టకముందే ఒక మాట చెప్పారు. "నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండమ్మా, వెంటనే ఆపేస్తాను." బీపీ, గుండె జబ్బు, షుగర్, వాడుతున్న మందులు అన్నీ అడిగారు. తర్వాత నోరు బాగా తెరిపించి, దవడ వెనకవైపు మత్తు సూది వేశారు. రెండు శాతం లిగ్నోకైన్, అందులో కొద్దిగా అడ్రినలిన్. వేసిన కాసేపటికే గుండె దడదడ కొట్టుకుంది. అది అడ్రినలిన్ వల్ల, కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది అని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. చెప్పకపోయి ఉంటే నాకేదో అయిపోతోందని కచ్చితంగా లేచి కూర్చునేదాన్ని.

పెదవి, గడ్డం, నాలుక సగం మొద్దుబారాయి. ఇక ఏమీ తెలియదులే అనుకున్నాను. డ్రిల్ పైపైన తిరిగినంతసేపు నిజంగానే ఏమీ తెలియలేదు. లోపలికి చేరగానే జివ్వుమంది. చెయ్యి ఎత్తాను. ఆపేశారు.

అప్పుడు ఆవిడ చెప్పినది నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. పెదవి మొద్దుబారిందంటే మందు దవడ నరానికి అందిందని మాత్రమే అర్థం. బాగా వాచిన పన్ను, అందులోనూ కింది దవడ పన్ను, అప్పటికీ మొద్దుబారకపోవచ్చు. వాపు ఉన్నచోట ఆమ్లగుణం పెరిగి మందు నరంలోకి సరిగా దిగదు. పైగా ఆ నరాలు చాలా రోజులుగా రేగి ఉంటాయి, చిన్న తాకిడికే స్పందిస్తాయి. డాక్టర్ చేతిలో తప్పేమీ లేకపోయినా, రోగి ధైర్యవంతుడైనా ఇలా జరుగుతుంది. దానికి వరసగా చేయాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు బుగ్గవైపు చిగురులో ఆర్టికైన్ అనే ఇంకో మందు వేశారు. కాసేపాగి, చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పన్నుకు ఆనించి చూశారు. ఇంకా కొంచెం తెలుస్తోందన్నాను. పన్నుకూ ఎముకకూ మధ్య సందులో సన్నటి సూదితో ఇంకాస్త వేశారు. గట్టిగా నొక్కినట్టు అనిపించింది గానీ భరించగలిగాను. అప్పటికీ ఒక మూల మిగిలే ఉంది. "ఇప్పుడు నేరుగా పల్ప్‌లోకే వేస్తానమ్మా. ఒక్క క్షణం గట్టిగా ఉంటుంది, ఆ తర్వాత ఉండదు" అన్నారు. అన్నట్టే ఒక్క క్షణం కళ్ల ముందు మెరుపు మెరిసినట్టయింది. ఆ తర్వాత పని పూర్తయ్యేదాకా నొప్పి అన్నది లేదు.

మనకు చిన్నప్పటి నుంచి "కాస్త ఓర్చుకో" అనే నేర్పుతారు, ఆడపిల్లలకైతే మరీను. ఆ కుర్చీలో నేను ఓర్చుకుని ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు. పన్నులో సన్నటి ఫైల్ (కాలువలను గీకి శుభ్రం చేసే సూదిలాంటి పరికరం) ఉన్నప్పుడు నొప్పికి ఉలిక్కిపడి తల కదిలిస్తే అది డాక్టరుకీ ఇబ్బందే, మనకూ ప్రమాదమే. మత్తు చాలలేదని చెప్తే ఏమనుకుంటారోనని మొహమాటపడాల్సిన విషయం కాదిది.

మిగతా పనంతా ఓపిక పరీక్షే. రబ్బరు షీట్ కట్టడం, కాలువలు కొలవడం, ఫైళ్లతో శుభ్రం చేయడం, ఎక్స్‌రేలు. చాలాసేపు నోరు తెరిచి ఉంచడంతో దవడ కీలు బాగా లాగింది. మధ్యమధ్యలో విరామం అడిగాను, ఇచ్చారు.

ఇంటికి పంపేముందు ఆవిడ గట్టిగా చెప్పింది, మత్తు దిగకముందే ఏదైనా తిని మాత్ర వేసుకోమని. నొప్పి పూర్తిగా ఎక్కాక తగ్గించడం కంటే ఎక్కనివ్వకపోవడం తేలిక. తినేటప్పుడు బుగ్గ కొరుక్కోకుండా పెరుగన్నం మెత్తగా కలిపి రెండోవైపు మింగాను. నాకు రాసింది ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, దాంతో పాటు పారాసిటమాల్. ఈ రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి, కలిపితే బలం ఎక్కువ. మొదటి రెండు రోజులు నొప్పి ఉన్నా లేకపోయినా టైముకు వేసుకోమన్నారు, ఆ తర్వాత అవసరమైతేనే.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్‌తో పాటు పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ముందే ఉంటుంది. అది తెలియక పైన డోలో 650 (అదీ పారాసిటమాలే) కూడా వేసుకుంటూ పోతే, రోజు మొత్తానికి పారాసిటమాల్ ఎంతయిందో లెక్క తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కూడా రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. మా అత్తయ్యకు కిడ్నీ సమస్య ఉంది, ఆవిడకు ఐబుప్రొఫెన్ అసలు పనికిరాదు. కడుపులో పుండ్లు, రక్తం పల్చబడే మందులు, ఉబ్బసం, గర్భం ఉన్నవాళ్లు కూడా డాక్టరును అడక్కుండా దాని జోలికి వెళ్లకూడదు. నా చీటీ చూసి ఇంకొకరు మందులు వాడటం నాకిష్టం లేదు.

అత్తయ్య ప్రేమగా లవంగ నూనె తెచ్చిచ్చారు. లవంగంలోని యూజినాల్ కాసేపు మొద్దుబరుస్తుందన్నది నిజమే. కానీ నూనె నేరుగా చిగురుకు తగిలితే కాలుతుంది, పైగా అప్పటికే మూసేసిన పన్నులోకి అది వెళ్లదు కూడా. ఆవిడకు అలాగే చెప్పి, దవడకు బయటి నుంచి ఐస్ గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. తల కింద రెండు దిండ్లు వేసుకున్నాను. చాలా కాలానికి ఆ రాత్రి నిద్రపట్టింది.

తర్వాత వచ్చిన నొప్పి వేరే రకం. సలుపు పోయింది, నమిలితే మాత్రం పన్ను నొక్కినట్టు నొప్పి. నరం తీసేశాక ఇంకా నొప్పేమిటని కంగారు పడ్డాను. వేరు కొస చుట్టూ ఉన్న కణజాలం రేగి ఉంటుంది, మెల్లగా సర్దుకుంటుంది అన్నారు ఫోన్లో. రోజురోజుకూ తగ్గుతుంటే పర్వాలేదు. రెండు మూడు రోజుల తర్వాత పెరుగుతున్నా, ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా వెంటనే రావాలన్నారు. నాకు అవేవీ లేవు గానీ, నోరు మూయగానే ముందు ఆ పన్నే తగులుతోంది. వెళ్తే నీలం కాగితం కొరికించి, తాత్కాలిక ఫిల్లింగ్ ఎత్తుగా ఉన్నచోట కొంచెం అరగదీశారు. మాత్ర అక్కర్లేకుండానే ఆ సాయంత్రానికి సగం నొప్పి పోయింది.

రెండో సిట్టింగ్‌లో కాలువలు నింపారు. మొదటిసారి జరిగింది ఆవిడ కేసు షీట్‌లో రాసుకున్నారు, అయినా నేనూ గుర్తుచేశాను. మత్తు ఇచ్చి, పరీక్షించి, అప్పుడే మొదలుపెట్టారు. ఇక మిగిలింది పన్ను పైన తొడిగే క్యాప్. దానికోసం పన్ను చుట్టూ అరగదీసేటప్పుడు నరం లేదు కాబట్టి పన్నుకు తెలియదు, చిగురుకు మాత్రం తెలుస్తుందట. అందుకని ఆ రోజు చిగురుకు మత్తు కావాలని ముందే అడిగాను, ఇస్తానన్నారు.