ఇరా మలాన్యుక్ గొంతు

రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 1952 నాటి బైరాయిట్ (జర్మనీలో వాగ్నర్ ఒపెరాల ఉత్సవం జరిగే ఊరు) రికార్డింగ్ విన్నాను, వాగ్నర్ ఒపెరా 'ట్రిస్టన్', వాద్యబృందాన్ని నడిపించిన కండక్టర్ కరాయాన్. రెండో అంకంలో ప్రేమికులిద్దరూ ఒళ్ళు మరిచి ఉంటారు, పైన ఎక్కడో కాపలా ఉన్న చెలికత్తె బ్రాంగేనే, జాగ్రత్త, తెల్లారిపోతోంది అని హెచ్చరిస్తుంది. మనిషి కనపడదు. వాద్యాలన్నీ మెల్లగా కదులుతుంటే వాటి మీదుగా ఒక్క గొంతు, తొందర లేకుండా, ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా తెలియనంత పొడవుగా సాగుతుంది. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను, ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ గొంతు ఇరా మలాన్యుక్‌ది. 1919లో స్తానిస్లావ్‌లో పుట్టింది, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఇవానో-ఫ్రాంకివ్‌స్క్. ల్వీవ్‌లో ఆడమ్ డిదూర్ దగ్గర నేర్చుకుంది (న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో 'బోరిస్ గొదునోవ్' అనే ఒపెరా మొదటిసారి వేసినప్పుడు ఆ ప్రధాన పాత్ర పాడింది ఆయనే, అలాంటి గురువు దొరకడం అదృష్టం). రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కెరీర్ ఎక్కువగా ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, జర్మనీల్లోనే.

ఆవిడది మెజో, అంటే ఆడవాళ్ళ గొంతుల్లో మరీ పైదీ మరీ కిందదీ కాని మధ్య స్థాయి గొంతు. దానికి హీరోయిన్ వేషాలు తక్కువ. తల్లి, చెలికత్తె, సవతి, మంత్రగత్తె, ఎక్కువగా ఇవే. కానీ 1953 బైరాయిట్‌లో క్లెమెన్స్ క్రౌస్ కండక్ట్ చేసిన 'రింగ్'లో (వాగ్నర్ నాలుగు ఒపెరాల వరస) ఆవిడ పాడిన ఫ్రికా, అంటే వోటాన్ భార్య పాత్ర, వినండి. అవతల వోటాన్‌గా హాన్స్ హాటర్ అంతటివాడు, దేవతల రాజు, ఆయన్ని మాట మీద మాట పేర్చి కదలనివ్వకుండా చేస్తుంది, ఎక్కడా అరవదు. ఆ సీన్ బోర్ అనేవాళ్ళు ఆవిడ పాడింది విని చెప్పండి.

2009లో ఆస్ట్రియాలో పోయింది. ఇంత గొప్ప గాయని పేరు మనవాళ్ళలో ఒపెరా వినేవాళ్ళకి కూడా పెద్దగా తెలియదంటే నాకు నిజంగా బాధగా ఉంది.