చెంపల మీది గుంటలు, చామనఛాయ చర్మం: నా అనుభవం

మొటిమలు తగ్గిపోయి చాలా ఏళ్ళు గడిచినా అవి మిగిల్చిన గుంటలు నా రెండు చెంపల మీద, కణతల దగ్గర అలాగే నిలిచిపోయాయి. వాటికి హైదరాబాదులో చికిత్స చేయించుకుని, ఏడాదికి పైగా సాగిన ఆ క్రమాన్ని దాటి వచ్చాను. చికిత్స గదిలో గడిపే గంట గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు గానీ, ఆ తరువాత ఇంట్లో, ఎండలో, ఆఫీసులో, బంధువుల పెళ్ళిళ్ళలో గడపవలసిన వారాల గురించి వివరంగా చెప్పినవారు నాకు కనిపించలేదు. మనలాంటి చామనఛాయ చర్మానికి ఫలితం ఎలా ఉంటుందో చాలావరకు తేలేది ఆ వారాల్లోనే కనుక, వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం చెప్పాలి. మొటిమ మానిన చోట మిగిలే నల్లటి లేక ఎర్రటి రంగు వేరు, చర్మం లోపలికి కుంగిపోవడం వేరు. రంగు నెలల మీద దానంతట అదే పలచబడుతుంది, పూతమందులకూ లొంగుతుంది. గుంట అలా కాదు. లోపలి పొరలో చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ దెబ్బతిని, కొన్నిచోట్ల గట్టి నార పోగులు ఏర్పడి పైచర్మాన్ని కిందికి పట్టి లాగుతుంటాయి. చర్మం మీద పూసే ఏ క్రీమూ అంత లోతుకు పోయి ఆ పోగులను విడదీయలేదు. మా పెద్దమ్మ ఎంతో ప్రేమతో చెప్పిన మంచిగంధం, నిమ్మరసం వల్ల ప్రయోజనం లేకపోవడానికి కారణం ఇదేనని, పైగా నిమ్మరసం చర్మాన్ని మండించి కొత్త నలుపు తెచ్చే ప్రమాదం ఉందని డాక్టర్ గారు వివరించిన తరువాతే ఇంట్లో ఆ చర్చ ముగిసింది.

నేను మొదట వెళ్ళిన చోట డాక్టరును చూడకముందే ఒక కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని, ముఖాన్ని తేరిపార చూడకుండానే ప్యాకేజీల పట్టిక ముందు పెట్టి, ఆ రోజే డబ్బు కడితే తగ్గింపు ఉంటుందని చెప్పారు. ఎవరు చేస్తారు, ఏ యంత్రంతో చేస్తారు, ఆ తరువాత నల్లబడితే ఏమి చేస్తారు అనే నా ప్రశ్నలకు అక్కడ స్పష్టమైన సమాధానం దొరకలేదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, మాదాపూర్ ప్రాంతాల్లో ఇలాంటి క్లినిక్కులకు కొదవ లేదు కాబట్టి, ఎంపిక చేసుకునేటప్పుడు బోర్డు మీది పేరును కాక డాక్టరు చదువును చూడాలని నిశ్చయించుకున్నాను. చర్మవ్యాధుల్లో ఎం.డి. గానీ, డిప్లొమా (డి.డి.వి.ఎల్.) గానీ, డి.ఎన్.బి. గానీ చేసి ఉండాలి, తెలంగాణ వైద్య మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి, చికిత్సను సహాయకులకు వదిలేయకుండా స్వయంగా చేయాలి. ఈ మూడింటినీ ముందే అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. నేను చివరికి ఎంచుకున్న డాక్టర్ గారు ఆ ప్రశ్నలకు నొచ్చుకోలేదు సరికదా, అడగడం మంచిదన్నారు.

ఆవిడ నా ముఖాన్ని పరీక్షించిన తీరే నాకు నమ్మకం కలిగించింది. గదిలోని పెద్ద దీపాలు ఆర్పి, పక్కనుంచి ఒక చిన్న దీపం వేసి, చెంపను వేళ్ళతో సాగదీసి చూశారు. గుంట కనబడేది దాని నీడ వల్లనే కాబట్టి, ఎదురుగా వెలుగు పడే ఫోటోలో అది మాయమవుతుంది, లిఫ్టులోనో మెట్రో కిటికీ దగ్గరో పక్క వెలుగులో మళ్ళీ బయటపడుతుంది. ముందు, తరువాత అంటూ చూపించే ఫోటోలను నమ్మాలంటే రెండింటిలోనూ వెలుగు ఒకే వైపు నుంచి పడిందో లేదో చూడాలన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. నా ముఖం మీద మూడు రకాల గుంటలూ ఉన్నాయి: సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా దిగినవి కొన్ని, అంచులు నిటారుగా ఉండి వెడల్పైనవి కొన్ని, కింద పోగులు లాగడం వల్ల అలల్లా ఎగుడుదిగుడుగా ఉన్నవి మిగిలినవి. ఒక్కో రకానికి ఒక్కో పద్ధతి పనిచేస్తుంది కనుక, అన్నిటికీ ఒకే లేజర్ అని చెప్పే చోట జాగ్రత్తపడమని ఆవిడ సలహా.

చర్మపు రంగు విషయంలో ఆవిడ చెప్పింది ఇంకా ముఖ్యమైనది. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో బట్టి ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా వైద్యుడు 1975లో ఒక వర్గీకరణ చేశారు. అది మొదట తెల్లని చర్మాల కోసమే చేసినది. గోధుమ, నలుపు రంగు చర్మాలకు ఐదు, ఆరు తరగతులను తరువాత చేర్చారు. మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తారు. ఈ చర్మంలో రంగునిచ్చే కణాలు చురుకైనవి. గాయమైనా, వేడి తగిలినా, గోకినా అవి రేగి నల్లమచ్చను మిగులుస్తాయి. తెల్లవారికి సరిపోయిన శక్తితో లేజర్ వేస్తే మనకు గుంట కాస్త నిండవచ్చు, కానీ దాని చుట్టూ నెలల తరబడి నలుపు నిలవవచ్చు. అందువల్ల తక్కువ తీవ్రతతో, ఎక్కువ విడతల్లో, మధ్యలో వ్యవధి ఇస్తూ చేస్తామని, గుంటలు పూర్తిగా పోవని, సగానికి కాస్త అటూ ఇటూగా మెరుగుపడితే మంచి ఫలితంగా భావించాలని ఆవిడ మొదటి రోజే చెప్పారు. ఆ మాట వినగానే నాకు కలిగిన నిరాశను దాచుకోలేకపోయాను. "తొందరపడి ఇప్పుడే ఒప్పుకోవద్దమ్మా, ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రండి" అన్నారు ఆవిడ.

నేను వెళ్ళింది ఎండాకాలం ముందు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది కనుక దసరా దాటాక మొదలుపెడదామని ఆవిడే వాయిదా వేశారు. ఆ లోపు కొత్త మొటిమలు రాకుండా మందులు ఇచ్చారు, ఎందుకంటే మొటిమలు ఇంకా వస్తుండగా గుంటలకు చికిత్స చేస్తే ఒకవైపు పూడుస్తూ మరోవైపు తవ్వినట్టవుతుంది. గతంలో తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడానా, ఛాతీ మీదో భుజం మీదో గాయాలు మానేటప్పుడు మచ్చ ఉబ్బి గట్టిపడిందా, పెదవుల చుట్టూ నీటిపొక్కులు తరచుగా వస్తుంటాయా, గర్భం ధరించే ఆలోచన ఉందా అని వరుసగా అడిగారు. పొక్కులు వచ్చే అలవాటు ఉన్నవారికి ముందుగానే వైరస్ మందు ఇస్తారట, లేకపోతే గాయపడిన ముఖమంతా అవి వ్యాపించే ప్రమాదం ఉంది.

చికిత్స గురించి క్లుప్తంగా చెబుతాను. అలల్లాంటి గుంటలకు సబ్‌సిషన్ చేశారు: మత్తు ఇంజెక్షను ఇచ్చి, చర్మం కిందికి సూదిని పోనిచ్చి, కిందికి లాగుతున్న పోగులను తెంచడం. ఈ పద్ధతిని 1995లో అమెరికా చర్మవైద్యులు ప్రచురించారని డాక్టర్ గారు చెప్పారు. నొప్పి పెద్దగా లేదు గానీ, పోగులు తెగే పటపట శబ్దం చెవికి దగ్గరగా వినిపించడం వల్ల భయం వేసింది. ముందే చెప్పి ఉంచారు కాబట్టి తట్టుకున్నాను. కణతల దగ్గర ముఖ నాడి శాఖలు పైకే ఉంటాయని అక్కడ ఆ సూదిని వాడలేదు. సన్నని లోతైన గుంటల్లో గాఢమైన టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్) ఆమ్లాన్ని చుక్కచుక్కగా పెట్టారు. ఇది 2002లో కొరియా వైద్యులు వెలుగులోకి తెచ్చిన పద్ధతి. పెట్టిన క్షణంలో మంట పుట్టి గుంట తెల్లగా మారుతుంది. తరువాతి విడతల్లో సన్నని సూదుల ద్వారా లోపలి పొరకు మాత్రమే వేడిని పంపే రేడియో ఫ్రీక్వెన్సీ పరికరం వాడారు. అది పైచర్మాన్ని చాలావరకు కాపాడుతుంది కనుక మన రంగుకు లేజర్ కన్నా కొంత నయమని ఆవిడ అభిప్రాయం. దానికి ముందు మత్తు క్రీము రాసి ముప్పావుగంటకు పైగా కూర్చోబెట్టేవారు.

అసలు పరీక్ష ఇంటికి వచ్చిన తరువాత మొదలైంది. సబ్‌సిషన్ చేసిన మరునాటికి చెంపలు ఉబ్బి, కళ్ళ కిందివరకు కమిలి, నీలంగా, తరువాత పసుపుపచ్చగా మారాయి. ఎవరో కొట్టారేమోనని అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య కంగారుగా వచ్చి అమ్మను అడిగిందంటే నా ముఖం ఎలా ఉందో ఊహించుకోవచ్చు. కమలడం తగ్గడానికి ఒకటి రెండు వారాలు పడుతుందని తెలిసి కూడా అద్దం చూసిన ప్రతిసారీ ఏడుపు వచ్చేది. ఆమ్లం పెట్టిన చోట్ల నల్లని పెచ్చులు కట్టి, వారం లోపే వాటంతట అవి రాలాయి. ఆ పెచ్చులను గోటితో గిల్లకుండా ఉండటమే ఈ మొత్తం క్రమంలో నాకు అత్యంత కష్టమైన పని. గిల్లితే గుంట ఇంకా వెడల్పయ్యే ప్రమాదం ఉందని విన్నాక రాత్రిళ్ళు చేతులకు నూలు తొడుగులు వేసుకుని పడుకున్నాను. సబ్బు, ఆవిరి, వ్యాయామం ఆపేసి, చల్లని నీళ్ళతో మెల్లగా కడిగి, పలుచగా పెట్రోలియం జెల్లీ రాయడం తప్ప ఏమీ చేయవద్దన్నారు. ఏమీ చేయకపోవడం ఇంత శ్రమ అని నేను అనుకోలేదు.

సన్‌స్క్రీన్ విషయంలో ఆవిడ చాలా కచ్చితంగా ఉన్నారు. రెండు వేళ్ళ పొడవునా పిండినంత పరిమాణం ముఖానికి, మెడకు రాయాలి, బయట ఉన్నప్పుడు రెండు మూడు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. అతినీలలోహిత కిరణాలే కాకుండా కంటికి కనిపించే వెలుగు కూడా మన చర్మాన్ని నల్లబరుస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ దానిని పెద్దగా ఆపదు కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మపు రంగులో ఉండే రకం వాడమన్నారు. స్కూటీ మీద చున్నీ బిగించి కట్టుకుంటే సరిపోతుందనుకునేవారు చాలామంది ఉంటారు. కానీ చెమటతో తడిసిన బట్ట పచ్చిగా ఉన్న చెంపల మీద రాసుకోవడం కూడా రంగు రేగడానికి కారణమవుతుందట. అందువల్ల స్కూటీ మానేసి ఎల్బీనగర్ నుంచి మెట్రోలో, అమీర్‌పేటలో మారి, ఆఫీసుకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడవద్దన్న సూచనను అమలు చేయడానికి అమ్మ సహాయం లేకపోతే సాధ్యమయ్యేది కాదు. చిన్న పిల్లలున్న ఇల్లాలికి ఈ ఒక్క నియమమే చికిత్స మొత్తాన్ని కష్టతరం చేస్తుంది. వైద్యులు దీన్ని మొదటి రోజే అడిగి తెలుసుకోవాలని నా కోరిక.

ఒక విడత పూర్తయిన కొద్ది రోజులకే చిన్నాన్న కూతురి పెళ్ళి వచ్చింది. నలుగు పెట్టే రోజున ముత్తైదువులందరూ ఒకరి ముఖానికి ఒకరు పసుపు పూసుకుంటుంటే నేను చేతులు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. కొందరికి అది అపశకునంలా తోచింది. వదిన నా పక్షాన నిలబడి, పసుపును నా పాదాలకు రాసి, అంతటితో ఆ గొడవ లేకుండా చేసింది. ఆమె చేసిన ఆ పనిని నేను మరిచిపోలేను. పార్లరులో బ్లీచ్, ఫేషియల్, పెదవి మీద థ్రెడింగ్ కూడా ఆ నెలల్లో వదులుకోవాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఒక విడత అయ్యాక మూడో వారంలో కుడి చెంప మీద సూదులు దిగిన వరుసల్లోనే గోధుమరంగు చుక్కలు తేలాయి. చికిత్స చెడిపోయిందనుకుని నేను హడలిపోయాను. మన చర్మంలో ఇది తరచుగా జరిగేదేనని, కొన్ని వారాల తరువాత కనబడటమే దీని స్వభావమని చెప్పి, ఆవిడ తరువాతి విడతను వాయిదా వేశారు, రాత్రిపూట రాయడానికి ఒక క్రీము ఇచ్చారు, అందులో నలుపును తగ్గించే హైడ్రోక్వినోన్ అనే మందు ఉంది కనుక చెప్పిన వ్యవధి దాటి ఒక్కరోజు కూడా వాడవద్దని హెచ్చరించారు. ఎక్కువకాలం వాడితే అదే మందు చర్మాన్ని నీలి నలుపుగా మార్చగలదు. ఆ చుక్కలు నెమ్మదిగా, నెలల మీద మాసిపోయాయి.

ఆ రోజుల్లోనే వేచి ఉండే గదిలో ఒక కాలేజీ అమ్మాయితో మాట్లాడాను. తెల్లబడటానికని మందుల షాపులో ఇచ్చిన ట్యూబును చాలాకాలం రాసిందట. ఆపగానే ముఖం ఎర్రబడి, మండి, మొటిమలు గుంపులుగా లేచాయి. అందులో స్టెరాయిడ్ ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నియమాన్ని కఠినం చేసింది, అయినా అవి సులువుగా దొరుకుతూనే ఉన్నాయి. ఆమె చర్మం కోలుకునేవరకు గుంటల ఊసే ఎత్తవద్దని డాక్టర్ గారు చెప్పారట. ఇంత చిన్న వయసులో ఆ అమ్మాయి పడుతున్న మంటను చూసి నాకు చాలా బాధ కలిగింది. ఫెయిర్‌నెస్ పేరిట ఏ ట్యూబు ఇచ్చినా దాని మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు ఉన్నాయేమో చదవమని ప్రతి తల్లికీ చెప్పాలనిపించింది.

ఖర్చు సంగతి. అందం కోసం చేయించుకునే చికిత్సగా పరిగణిస్తారు కాబట్టి ఆరోగ్య బీమా దీనికి వర్తించలేదు, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కూడా పడింది. ప్యాకేజీ తీసుకోకుండా విడతకు ఆ విడత డబ్బు కట్టడం వల్ల, మధ్యలో చర్మం నల్లబడినప్పుడు ఆపుకునే స్వేచ్ఛ నాకు మిగిలింది. సన్‌స్క్రీన్‌కు, మందులకు అయ్యే ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

కొత్త కొల్లాజెన్ ఏర్పడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది గనుక ఆఖరి విడత ఫలితాన్ని వెంటనే అంచనా వేయలేము. సమయం గడిచాక అదే చిన్న దీపం పక్కనుంచి వేసి, పాత ఫోటోతో పోల్చి చూపించారు. అలల్లాంటి గుంటలు బాగా చదునయ్యాయి. వెడల్పైనవాటి అంచులు మెత్తబడి లోతు తగ్గింది. సన్నని లోతైనవి కొన్ని తగ్గాయి, కొన్ని తగ్గలేదు. కణతల మీద మార్పు స్వల్పం. అక్కడ మరింత ప్రయత్నిస్తే నల్లబడే ప్రమాదం లాభం కన్నా ఎక్కువని ఆవిడ అన్నారు, నేనూ అంగీకరించాను. ఎడమ చెంప మీద మిగిలిన లోతైన గుంటలకు మాత్రం ఈ ఎండాకాలం, వానాకాలం దాటనిచ్చి, చర్మం రంగు పూర్తిగా సర్దుకున్నాక ఇంకొకసారి ఆమ్లం పెట్టించుకోవాలని నిర్ణయించుకున్నాను. అప్పటివరకు సన్‌స్క్రీన్ ఒక్కటే కొనసాగుతుంది.