స్పీకర్ కేబుల్: మందం చూడండి, మాటలు కాదు

స్పీకర్ వైరు కొనేటప్పుడు డబ్బా మీద రాసిన గొప్పలు పక్కన పెట్టేసి ముందు గేజ్ నంబర్ చూడండి. నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు, రెసిస్టెన్స్ తక్కువ. 16 గేజ్ రాగి వైరు 10 మీటర్లు లాగితే, కరెంటు పోయి రావాలి కాబట్టి లెక్కకు 20 మీటర్లు, అంటే దాదాపు 0.26 ఓమ్. 8 ఓమ్ స్పీకర్‌కి అదేం పెద్ద విషయం కాదు గానీ, 4 ఓమ్ స్పీకర్ అయితే వైరు రెసిస్టెన్స్ స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటిపోతుంది, అలాంటప్పుడు 14 గానీ 12 గానీ తీసుకోండి. గదిలో మూడు నాలుగు మీటర్లకైతే 16 చాలు, టెన్షన్ అక్కర్లేదు.

అసలు చూసుకోవాల్సింది సీసీఏ. అల్యూమినియం తీగకి పైన రాగి పూత, అంతే. ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. అదే గేజ్‌లో దీని రెసిస్టెన్స్ ఎక్కువ, పైగా వంచితే త్వరగా తెగుతుంది. (బంగారు పూత ప్లగ్గులు తుప్పు పట్టవు, నిజమే, కానీ వాటితో పాట తియ్యగా మారిపోదు!)

బిగించేటప్పుడు పోగులన్నీ గట్టిగా మెలిపెట్టండి, ఒక్కటి పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టయి ఆంప్లిఫయర్‌కే ఎసరు. ఒక తీగ మీద గీత ఉంటుంది, దాన్ని రెండు వైపులా ప్లస్‌కే పెట్టండి. ఒక స్పీకర్‌కి తిరగబడితే బేస్ పలచబడిపోతుంది.