ఓ మై హెక్!

ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. పార్ట్స్ ఆఫ్ స్పీచ్‌లో చిట్టచివరిది ఇంటర్జెక్షన్, అంటే సంతోషమో భయమో కలిగినప్పుడు నోట్లోంచి ఊడిపడే మాట. దానికి నేను బోర్డు మీద రాసే ఉదాహరణలు ఎప్పుడూ రెండే: ‘హుర్రే! వియ్ హావ్ వన్ ద మ్యాచ్’, ‘అలాస్! హీ ఈజ్ డెడ్’. పోయిన వేసవిలో మా ఆవిడా నేనూ సాల్ట్ లేక్ సిటీలో మా అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాం. ఆ రెండు మాటలూ అక్కడ ఒక్కరి నోటా వినలేదు.

విన్నది వేరే. వెళ్లిన వారానికే పక్కింటావిడ చేతిలోంచి పూలకుండీ జారి పగిలింది. ఆవిడ ‘ఓ మై హెక్!’ అంది. నరకాన్ని హెల్ అని నేరుగా అనడం ఇష్టంలేనివాళ్లు హెక్ అంటారు. సాల్ట్ లేక్ సిటీ ఉన్న యూటా రాష్ట్రంలో మోర్మన్లనే క్రైస్తవ శాఖ వాళ్లు ఎక్కువ, అక్కడ ఈ మాట బాగా వాడుక. దేవుడి పేరు ఊరికే ఎత్తకూడదన్నది బైబిల్లోని పది ఆజ్ఞల్లో ఒకటి. మా ఎనిమిదేళ్ల మనవడు ఆడుకోవడానికి ఆ పక్కింటికి బయల్దేరితే, వాడు బూట్లు వేసుకునేలోపే మా అమ్మాయి హెచ్చరిస్తుంది: “ఓ మై గాడ్ అనకు, గాష్ అను.”

గాష్ అంటే గాడే. జీజ్, జీపర్స్ రెండూ జీసస్. ఆస్ట్రేలియా వాళ్ల క్రైకీలో ఉన్నది క్రైస్టు. బెదిరినప్పుడు వాళ్లకీ దేవుడే నోటికొస్తాడు, కానీ సగం పలికాక పక్కకి తప్పిస్తారు. ఇంగ్లండులో 1606లో, నాటకంలో దేవుడి పేరు తేలిగ్గా పలికితే పది పౌన్ల జుర్మానా అని చట్టమే చేశారు. మన అజామిళుడు యమభటుల్ని చూసి హడలిపోయి కొడుకుని ‘నారాయణా’ అని పిలిచాడు. ఆ ఒక్క పిలుపుకే విష్ణుదూతలు పరుగెత్తుకొచ్చారు. అజామిళుడు ఇంగ్లండులో పుట్టి ఉంటే జుర్మానా కట్టేవాడు!

జులైలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి బయల్దేరాం. కారులో ఐదు గంటలు. ఐడహోలో కనుచూపు మేరా బంగాళాదుంప చేలు. మా ఆవిడ తెచ్చిన పులిహోర వెస్ట్ ఎల్లోస్టోన్ చేరకముందే అయిపోయింది.

పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట దగ్గర ఇంచుమించు గంటన్నరకోసారి వేడినీళ్లు ఎగజిమ్ముతాయి. బెంచీల మీద వందలమంది ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. నీళ్లు నూరడుగులు దాటి లేచాయి. ఇప్పుడైనా ఎవరైనా హుర్రే అంటారేమోనని చెవులు రిక్కించాను. ‘వో’ అన్నారు, ‘హోలీ మోలీ’ అన్నారు. అంతే.

మర్నాడు మడ్ వాల్కనో అనే బురద ఊటల చోటు. కోడిగుడ్డు కుళ్లిన కంపు. అక్కడ డ్రాగన్స్ మౌత్ అని ఒక గుహ ఉంది. లోపల నీళ్లు గోడలకేసి కొట్టుకుని గుర్రుమంటాయి, ఆ వెంటే ఆవిరి మన ముఖం మీదికొస్తుంది. “అమ్మ బాబోయ్, లోపలేదో ఉంది” అని మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది. ఏమీ లేదు, ఆవిరే అని ధైర్యం చెప్పి, చెక్కబాట మలుపు తిరిగాను.

ఎదురుగా బైసన్, అమెరికా అడవిదున్న! బాట పక్కనే. మచ్చలు మచ్చలుగా బొచ్చు ఊడిపోతున్న వీపు, గడ్డానికి అంటిన బురద, తడి ముక్కు మీద ఈగలు. కనీసం 25 గజాల దూరంలో ఉండాలని పార్కు వాళ్ల నియమం. మాకూ దానికీ మధ్య పది కూడా లేవు. పెద్ద పోతులు 900 కిలోల దాకా తూగుతాయని, మనిషికి మూడింతల వేగంతో పరుగెడతాయని పొద్దునే చదివి అందరికీ వినిపించింది నేనే.

ముందున్న ఒకావిడ ‘యైక్స్’ అంది. ఆ మాట గట్టిగా అరవడానికి పనికిరాదని అప్పుడే తెలిసింది. పళ్లు బిగించి, పెదాలు చెవుల దాకా లాగి, లోపలికి అనుకోవాలి. మా మనవడు మాత్రం ‘హోలీ కౌ!’ అని గట్టిగానే అన్నాడు.

“కౌ ఏమిట్రా, దున్నపోతు కదరా అది! యముడి వాహనం” అంది మా ఆవిడ.

నా నోట్లోంచి వచ్చింది “ఓరి నాయనో!” ముప్పై ఏళ్ల సర్వీసు ఏమైపోయిందో తెలీదు.

అందరం మెల్లగా వెనక్కి నడిచాం. అది మమ్మల్ని ఓసారి చూసి, తోకతో ఈగలు తోలుకుంటూ చెట్లలోకి పోయింది. పక్కనున్న టోపీ పెద్దాయన ఊపిరి పీల్చుకుని, ఇందాక నువ్వన్నదానికి అర్థమేమిటని అడిగాడు.

“ఓ ఫాదర్” అన్నాను.

“ఫాదరంటే దేవుడా?”

“కాదండీ, మా నాన్నే.”

“ఆయన కూడా వచ్చారా?” అని నా వెనక్కి చూశాడు.

“లేదు, ఆయన పోయి చాలా ఏళ్లయింది.”

ఆయన వెంటనే టోపీ తీసి, “అయామ్ సో సారీ” అన్నాడు.

నా బోర్డు ప్రకారమైతే అక్కడ ‘అలాస్’ అనాలి.